ఈశాన్యానికి తిప్పిన నీళ్ళు

నాకు యాభైతొమ్మిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పొద్దున్నే మెట్టుగూడలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, కాప్రా దాటి సైటుకు చేరేసరికే నాలో సగం మనిషి అయిపోతాడు. మిగిలిన సగంతో సాయంత్రం దాకా మట్టితోనూ మనుషులతోనూ వేగాలి. మట్టితో నాకు పెద్ద గొడవ లేదు. పోసిన చోట పడి ఉంటుంది, వానొస్తే జారుతుంది, అంతకు మించి దానికి వేషాలు లేవు. మనుషులతోనే ప్రాణం విసిగిపోయింది. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ డోరా, "ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండి" అంటుంది. ఆ మాట అనబట్టి నాలుగేళ్ళయింది.

నా పేరు సైలస్. సైట్ ఇంజనీరుని. డిప్లొమా చదువు, ముప్ఫై నాలుగేళ్ళ ఎండ. ఈ ఏప్రిల్ నెలాఖరులో హరికిషన్ గార్డెన్స్ అనే ఫంక్షన్ హాలు పనిలో చేరాను. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు అది. వెనకాల రెండెకరాల ఖాళీ స్థలం ఉంది. అందులో ఇంకో హాలు కట్టి, మిగిలినదంతా కార్ల పార్కింగు చెయ్యాలని యజమాని హరికిషన్ గారి పట్టుదల. హాలు సంగతి తరువాత, శ్రావణమాసం ముహూర్తాలకు పార్కింగైనా తయారవ్వాలన్నాడు.

ఆ స్థలం ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే నా గోడు మీకు అర్థం కాదు. సగానికి బాగా అవతల ఒక మిట్ట. మిట్టకు ఈ పక్క నేల మెల్లగా నైరుతి మూలకు దిగుతుంది. అక్కడ చెరువుకు పోయే నాలా ఉంది. పడిన వానలో ముప్పాతిక వంతు ఏనాటి నుంచో అటే పోతోంది. మిట్టకు ఆ పక్క, ఈశాన్యం మూలన, ప్రహరీ గోడ. గోడ అవతల బాగా పల్లంలో ఒక సందు, ఆ సందులో ఓ పదిహేను ఇళ్ళు.

మూడు రోజులు ఎండలో నిలబడి లెవెల్స్ తీశాను. మిట్టను కాస్త చదును చేసి, నీళ్ళు పాత దారినే నాలాకు పోయేట్టు, దారిలో బురద పేరుకోవడానికి ఒక గుంట పెట్టి డ్రాయింగు వేశాను. వీలైతే మట్టి పని దసరా తరువాత పెట్టుకుందామని, విప్పిన మట్టి మీద వానాకాలం వచ్చి పడితే ఆపడం ఎవరి తరమూ కాదని కూడా చెప్పాను. హరికిషన్ గారు డ్రాయింగు కేసి చూడనైనా చూడకుండా పక్కనున్నాయనకు ఇచ్చాడు. ఆయన వేణుమాధవ్ గారు, వాస్తు చూస్తారు. తెల్ల లాల్చీ, మెడలో కళ్ళజోడు తాడు, చేతిలో దిక్సూచి. మనిషి నెమ్మదస్థుడు, ఆయన్ని తిట్టుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

"నీళ్ళు నైరుతికి పోతున్నాయండీ," అన్నారాయన.

"నేల అటే వాలి ఉందండీ," అన్నాను.

హరికిషన్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సైలస్ సార్, రెండేండ్ల సంది పాత హాలుకు బుకింగులు తగ్గినయి. ఎందుకు తగ్గినయో నాకు సమజైతలేకుండె. ఇగో, సార్ వచ్చి చూసి చెప్పిండు. నీళ్ళు నైరుతికి పోతే ఇంట్ల ఏం నిలువదంట. నైరుతి ఎత్తుండాలె, ఈశాన్యం దిగుండాలె."

"సార్, నేల పుట్టుకే అట్ల ఉంది."

"ఉంటే మార్చుండ్రి. జేసీబీ ఎందుకున్నది మరి?"

నేను గొంతు సవరించుకున్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "మీకు గివన్నీ పట్టింపుండవు సార్, నాకు తెలుసు. మాకుంటయి."

మీకు అంటే చర్చికి పోయే మాలాంటి వాళ్ళకని. మర్యాదగానే అన్నాడు, నవ్వుతూ అన్నాడు. కానీ ఆ మాట పడ్డాక ఇంక నేను వాలు గురించి ఏం మాట్లాడినా మతం గురించి మాట్లాడినట్టే వినిపిస్తుంది. సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి, ఎక్కడ నోరు కట్టుకోవాలో తెలుసు. అయితే నిజం అదొక్కటే అంటే నేను అబద్ధాలకోరుని. ఈ వయసులో ఇంకో సైటు వెతుక్కునే ఓపిక నాకు లేదు. కొత్త వాచ్‌మన్‌కు పేరు చెప్పుకుని, కొత్త యజమానికి నమస్కారాలు పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచీ నన్ను నేను రుజువు చేసుకోవడం నా వల్ల కాదనిపించింది.

ఆ మధ్యాహ్నమే రేకుల షెడ్డులో కూర్చుని లెవెల్స్ అన్నీ తిరగరాశాను. మిట్ట తవ్వెయ్యాలి. ఆ మొరం మట్టంతా నైరుతిలో ఐదడుగుల ఎత్తున పోసి, చివర రాతి గోడ కట్టాలి. రెండెకరాల మీద పడిన వాన మొత్తం ఈశాన్యం మూలకు రావాలి. కింద సంతకం పెట్టాను.

ఒళ్ళు మండుతున్నా బుర్ర ఊరుకోదు కదా. మర్నాడు వేణుమాధవ్ గారిని పక్కకు పిలిచి, "ఈశాన్యంలో నీళ్ళ గుంట ఉండొచ్చాండీ?" అని అడిగాను.

"ఉండొచ్చా ఏమిటండీ, ఉండి తీరాలి. మహా శ్రేష్ఠం," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన నోటితోనే హరికిషన్ గారికి చెప్పించాను. నలభై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, పదడుగుల లోతు. ఒక్క రోజైనా నా తెలివికి నేనే మురిసిపోయాను. జేసీబీ దిగి నాలుగడుగులు తవ్వేసరికి బకెట్ పళ్ళు కీచుమన్నాయి. కింద రాయి, గుంట పొడుగునా ఒకటే పలక. చుట్టూ ఇళ్ళు కాబట్టి పేల్చడానికి లేదు. బ్రేకర్ తెచ్చి మూడు రోజులు కొట్టించాను, చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి తప్ప చారెడు రాయి లేవలేదు. పదడుగుల గుంట నాలుగడుగుల దగ్గర ఆగిపోయింది. అడుగున రాయి కాబట్టి నీళ్ళు ఇంకేదీ లేదు.

"నాలుగు ఫీట్లంటే తక్కువనా సార్," అన్నాడు హరికిషన్ గారు. "చిన్న పిలగాడు మునుగుతడు."

లెక్క వేసుకున్నాను. గట్టి వాన ఇరవై నిమిషాలు పడితే గుంట నిండుతుంది. ఆ తరువాత వచ్చేదంతా ప్రహరీ గోడకు పెట్టిన తూములోంచి సందులోకే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సందు మొదట్లోనే, మా తూముకు ఎదురుగా, బుచ్చమ్మ గిర్నీ. గోధుమలు, జొన్నలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు, ఆ చుట్టుపక్కల ఎవరికేం పిండి కావాలన్నా అక్కడే ఆడించుకుంటారు. ఒకటే గది, సందు కంటే రెండు మెట్లు కిందికి. భర్త పోయాక ఇరవై రెండేళ్ళుగా ఒక్కతే నడుపుతోంది. పనిలో చేరిన కొత్తలో డోరా ఎండు మిరపకాయలు సంచిలో కట్టిస్తే ఆమెకే ఇచ్చాను. గది నిండా ఘాటు, నేను తుమ్మి తుమ్మి చస్తుంటే ఆమె ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా బెల్టు సరిచేస్తోంది. "అలవాటైంది సారూ, ఇప్పుడు నాకు మంచి గాలే పడదు," అంది.

మే నెల మధ్యలో ఒక పొద్దున ఆమె సైటు గేటు దగ్గరికి వచ్చింది. కనుబొమల మీద పిండి అలాగే ఉంది.

"సారూ, గీ మిట్టంత తవ్వవడితిరి. రేపు వాన గొడితే నీళ్ళెటు వస్తయి?"

అప్పటికి రెండు లారీలు దారికి అడ్డంగా ఇరుక్కుని డ్రైవర్లిద్దరూ కొట్టుకోబోతున్నారు. ఎండ మాడ్చేస్తోంది. హరికిషన్ గారి ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఏం గాదమ్మా," అన్నాను.

"నా మోటరు కిందనే ఉంటది సారూ. నీళ్ళొస్తే కాలిపోతది. గిర్నీ రాళ్ళల్లకు బురద పోయిందంటే ఇగ అయిపాయె, గిర్నీ లేకపోతే నాకింకేమున్నది? అందుకని అడుగుతున్న. జెర చూసి చెప్పున్రి."

"గుంట తవ్వినం కదా, నీళ్ళన్నీ అందులోనే ఆగుతయి. మీరు పరేషాన్ కావద్దు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇంజనీరు సారు మాట. "అయితే మంచిది సారూ," అని వెనక్కి తిరిగింది. లారీల గొడవ తీర్చి షెడ్డులోకి వచ్చాక జేబులోని కాగితం తీసి మళ్ళీ చూశాను. అంకెలేం మారలేదు. వెనక్కి పిలవాలనుకున్నాను. పిలిస్తే మొత్తం చెప్పాలి. చెబితే ఆమె సందులో వాళ్ళకు చెబుతుంది, వాళ్ళంతా గేటు దగ్గరికి వస్తారు, హరికిషన్ గారు నన్ను నిలదీస్తాడు. తలుచుకుంటేనే నడుం లాగేసింది. టీ తెప్పించుకుని తాగాను.

మిగతావి చెయ్యలేదని కాదు, చేతనైనంత చేశాను. పోసిన మొరం అడుగు అడుగుకీ నీళ్ళు చల్లి రోలర్‌తో తొక్కించాలని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రోలర్ వారం రోజులు వచ్చింది, తరువాత ఇంకో పనికి పోయింది. మట్టి కట్టలకు ఇసుక బస్తాలు పేర్పించాను, గుంట చుట్టూ మట్టి జారకుండా పచ్చ వల కట్టించాను. వల మీద మేస్త్రీలు తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. ఏం చెయ్యమంటారు?

మే ఆఖర్లో ఒక చిన్న వాన పడింది, పదిహేను నిమిషాలు. గుంట నీళ్ళన్నీ పట్టుకుంది. మర్నాడు నీళ్ళు తోడించి చూస్తే అడుగున రెండడుగుల మందాన ఎర్ర బురద, పేరుకుని గట్టిపడుతోంది. కొత్తగా పోసిన మట్టి పైపొరంతా అందులోకే దిగింది. అంటే ఇంక మిగిలిన లోతు రెండడుగులు. బురద తీయించమని మూడుసార్లు అడిగాను. జేసీబీ పార్కింగు పనిలో ఉంది, ఇప్పుడు కాదన్నారు. నాలుగోసారి అడగడం మానేశాను.

ఆ వాన పడిన మర్నాడే బుచ్చమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వు మొహంతో.

"మీరు చెప్పినట్టే సారూ, ఒక్క చుక్క రాలే. ఊకెనే పరేషానైన."

అప్పుడైనా చెప్పాల్సింది. అడ్డం వచ్చే లారీ లేదు, మోగే ఫోను లేదు, తీరుబడిగా నిలబడి ఉన్నాను. "చెప్పిన కదమ్మా," అన్నాను.

జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం మూడున్నరకు, అసలు వాన వచ్చింది. ముందు సైనిక్‌పురి వైపు నల్లబడింది, ఆ వెంటనే ధారలు. పది నిమిషాలకు నైరుతి కట్ట మీద పాయలు పడ్డాయి. మట్టి ముద్దలు ముద్దలుగా ఊడి ఈశాన్యానికి దొర్లుతోంది. ఇసుక బస్తాలు ఒక్కొక్కటీ పక్కకు ఒరిగాయి. గుంట అప్పటికే అంచు దాకా వచ్చింది.

ఒక్క దారి ఉంది. నైరుతి రాతి గోడలో పదడుగులు పడగొట్టి, పోసిన మట్టిలో జేసీబీతో కాలువ కొడితే సగం నీళ్ళు పాత నాలాకు పోతాయి. ఇరవై నిమిషాల పని. జేసీబీ డ్రైవరు సీట్లోనే ఉన్నాడు, నా వైపే చూస్తున్నాడు. నేను హరికిషన్ గారికి ఫోన్ చేశాను.

"నైరుతి గోడనా?" అన్నాడాయన. "సార్, వేణుమాధవ్ గారిని అడగకుండ నేనేం చెప్పను. ఆయనకు ఫోన్ చెయ్యున్రి."

వేణుమాధవ్ గారికి చేశాను. నాలుగోసారికి ఎత్తారు. వాన చప్పుడులో రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నైరుతిలో గండి కొడితే యజమాని ప్రాణానికే ముప్పండీ. నా నోటితో ఆ మాట ఎలా అనమంటారు? వాన తగ్గాక చూద్దాం," అన్నారు, నిజంగానే బాధపడుతూ.

మళ్ళీ హరికిషన్ గారికి. ఫోను ఎంగేజి. మళ్ళీ. మళ్ళీ. డ్రైవరు కిందికి దిగి వచ్చి, "కొట్టమంటరా సార్?" అని అడిగాడు. కొట్టెయ్యి అంటే సరిపోయేది. నేను ఒక వేలు ఎత్తి, ఆగమని సైగ చేసి, ఫోను చెవికి పెట్టుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. గుంట అంచు తెగి, తూము చాలక, నీళ్ళు గోడ అడుగునుంచి కూడా ఉబికి బయటికి పడ్డాయి. గోడ అవతల నుంచి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. అప్పుడు ఫోను జేబులో పెట్టి, "కొట్టు" అన్నాను. డ్రైవరు గోడను కొట్టాడు, కాలువ తీశాడు, నీళ్ళు నాలా దారి పట్టాయి. అప్పటికి వానే తగ్గుముఖం పట్టింది.

వాన వెలిశాక సందులోకి దిగాను. మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకుని దిగాను. మిగతా ఇళ్ళకు అరుగులున్నాయి, బురద గడపల దాకా వచ్చి ఆగింది. బుచ్చమ్మ గదికి అరుగు లేదు. నడుముల్లోతు ఎర్ర నీళ్ళు వచ్చి దిగిపోయాయి, బురద మాత్రం మిగిలింది. మోటరు సగం దాకా మట్టిలో కూరుకుంది. ఆడించడానికి జనం ఇచ్చిపోయిన డబ్బాలు బోర్లా పడి ఉన్నాయి, గోధుమలు బురదలో కలిసి ఉబ్బాయి. కరెంటు తీసేశారు. తలుపులోంచి వస్తున్న వెలుగులో ఆమె చీర పైకి దోపుకుని, రేకు చేటతో బురద ఎత్తి బకెట్లో పోస్తోంది.

నన్ను చూసి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు.

"మెల్లగ రండ్రి సారూ, జారుతది," అంది.

నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆమె చేట ఆపకుండానే మాట్లాడింది.

"మొన్న మా తమ్ముని కొడుకు వచ్చిండు సారూ. మేస్త్రి పనే ఆయనది. అత్తా, మోటరు కింద మూడు ఫీట్ల దిమ్మె కడత, ఒక్క పూట పని, ఇటుకలు గూడ నేనే తెచ్చిన అన్నడు. నేనే వద్దన్న. ఇంజనీరు సారు ఏం గాదన్నడు, ఇగ ఎందుకు గిర్నీ బందు పెట్టుడు అన్న. సామాను తెచ్చినోడు తెచ్చినట్టే వాపస్ తీస్కపోయిండు."

ముప్ఫై నాలుగేళ్ళలో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నాకు అంత భయం వెయ్యలేదు.

"అమ్మా, నీళ్ళు ఇటు తిప్పింది నేనే. డ్రాయింగు మార్చింది నేనే. ఆ గుంట చాలదని మీరు అడిగిననాడే నాకు తెలుసు."

చేట ఆగింది. "తెలిసే చెప్పిన్రా?"

"తెలిసే చెప్పిన."

"పెద్దసారు గట్ల చెప్పమన్నడా?"

అవునంటే అయిపోయేది. ఆమె నమ్మేది, లోకమంతా నమ్మేది. హరికిషన్ గారి మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాట కోసం నోటి దాకా వచ్చింది. కానీ ఆయన ఆమె గురించి నన్ను ఒక్కనాడూ ఒక్క ముక్క అడగలేదు.

"లేదమ్మా. నన్నెవరూ చెప్పమనలే. ఆ పొద్దు అల్సిపోయి ఉన్న. మీకు అంతా వివరంగ చెప్పే ఓపిక లేకపాయె."

ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది. కోపంతో కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"ఇరవై రెండేండ్ల సంది పొద్దుగాల ఐదు గొట్టంగ బెల్టు ఎక్కిస్తున్న సారూ," అంది మెల్లగా. "నేను అల్సిపోలేదా?"

ఒంగి, పక్కనున్న పార అందుకోబోయాను. ఆమె పార తన వైపుకు లాక్కుని గోడకు ఆనించింది.

"వద్దు. జెర పక్కకు జరుగున్రి. వెలుగుకు అడ్డమున్నరు."

నేను పక్కకు జరిగాను.